మరువ నుంచి మరువకు నడక

ఉగాండా తూర్పు సరిహద్దులో ఎల్గాన్ అని ఒక పాత అగ్నిపర్వతం ఉంది. ఎప్పుడో చల్లారిపోయింది. దాని వాలులో, కప్చోర్వా జిల్లాలో, సిపి అనే ఏరు మూడు చోట్ల బండల అంచు మీంచి కిందికి దూకుతుంది. మూడింటిలో పెద్ద జలపాతం ఎత్తు దాదాపు 100 మీటర్లు. ఈ మూడింటినీ ఒకే పగటిలో కలుపుతూ సాగే కాలినడక ఆ దేశం చూడడానికి వచ్చే విదేశీయుల్లో బాగా పేరుపడింది. బాట రైతుల కాఫీ చెట్ల మధ్య నుంచి, అరటి తోటల గట్ల మీద నుంచి, ఇళ్ళ పెరళ్ళ పక్క నుంచి పోతుంది. ముందు ఆ ఊరి మనిషి ఒకడు నడుస్తాడు. జారే చోట చేయి అందిస్తాడు. ఎవరి తోటలో అడుగు పెట్టవచ్చో, ఎవరి తోటను చుట్టి పోవాలో అతనికి తెలుసు. జలపాతం వెనక ఉన్న గుహల్లోకి దారీ తెలుసు. నడక ముగిశాక ఏదో ఒక ఇంటి ముంగిట పచ్చి కాఫీ గింజలు వేయించి, రోట్లో దంచి, కాచి చేతికిస్తారు. 2020లో 5,000, 10,000 మీటర్ల పరుగుల్లో ప్రపంచ రికార్డులు నెలకొల్పిన జాషువా చెప్టెగీ పుట్టింది ఈ కప్చోర్వాలోనే. అక్కడి పిల్లలకు కొండ ఎక్కి దిగడం ఎంత మామూలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ రోజు నడకలో కాలం ఎలా గడుస్తుందో లెక్క వేస్తే ఒక సంగతి తేలుతుంది. ఒక్కో జలపాతం ముందు జనం నిలబడేది పావుగంటో అరగంటో. ఫొటోలు తీసుకుంటారు, తుంపర్లలో తడుస్తారు, కదులుతారు. మిగిలిన పగలంతా ఊళ్ళ మధ్యే. నీళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయి, ఆ నీళ్ళతో ఎవరు ఏం పండిస్తున్నారు, ఏం తింటున్నారు, కొండకూ ఊరికీ ఉన్న సంబంధం ఏమిటి అన్నది కాలి కింద తెలుస్తూ పోతుంది. జలపాతం జనాన్ని అక్కడికి రప్పిస్తుంది. రోజంతా వాళ్ళను పట్టి ఉంచేది మాత్రం రెండు జలపాతాల మధ్య ఉన్న నేల, ముందు నడిచే మనిషి. ఇది నిజమైతే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్ళకు ఇందులో పనికొచ్చే మాట ఉంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఈ సీమలో ఏడాది పొడుగునా దూకే జలపాతాల్లేవు. కదిరి వైపు బట్రేపల్లి దగ్గర ఉన్నదీ వానాకాలపు ముచ్చటే. అయినా ఇలాంటి నడకకు కావలసిన అసలు సరుకు ఇక్కడ నిండుగా ఉంది. దాన్ని నడిపే పగ్గాలు మాత్రం ఊరి చేతిలోనే ఉండాలి.

ఆఫ్రికా ఊళ్ళ ప్రస్తావన ఇక్కడ మరీ దూరపుదేం కాదు. హిందూపురం ఇంటింటా ఉడికే సంగటిలోని రాగి పుట్టింది తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లో, ఉగాండా, ఇథియోపియా వైపు. వేల ఏళ్ళ కింద అది మన దేశం చేరింది. ఎల్గాన్ కొండ రైతులు ఈనాటికీ రాగి వేస్తారు. ఉగాండాలో రాగిపిండిని మరిగే నీళ్ళలో పోసి తెడ్డుతో గట్టిగా కలియబెట్టి ముద్ద చేసుకుని కూరతో తింటారు. వరిబియ్యం కలపరన్న తేడా తప్పిస్తే మన సంగటే. జొన్న, సజ్జ, అలసందలు, ఆముదం, ఆఖరికి హిందూపురం మార్కెట్‌కు పేరు తెచ్చిన చింతపండు, అన్నీ ఆ ఖండంలో మొదలైనవే. మెట్ట నేలలో తక్కువ వానతో బతకడం ఎలాగో ఆ పంటలతో పాటే మనకు అందింది. కాబట్టి అక్కడి రైతు తన పొలం గట్టు మీద నుంచి బయటివాళ్ళను నడిపించి నాలుగు డబ్బులు చూస్తుంటే, ఇక్కడి రైతు ఆ పని ఎందుకు చేయలేడని అడగడంలో తప్పేమీ లేదు.

జలపాతం లేనిచోట నడకకు గమ్యం ఏమిటన్నది మొదటి అభ్యంతరం. దానికి జవాబు చెరువు దగ్గరే ఉంది. నిండిన చెరువులోంచి మిగులు నీరు కట్టను తెంచకుండా బయటికి పోవడానికి రాతితో కట్టిన పారుదలను సీమలో మరువ అంటారు. మంచి వాన పడ్డ ఏడాది ‘మరువ పారుతోంది’ అన్న మాట ఊళ్ళో పడితే చాలు, పనులు మాని అందరూ అటు నడుస్తారు. రాతి మెట్ల మీద నీళ్ళు పలుచగా పరుచుకుని తెల్లగా విరుగుతాయి. ఎదురీదే చేపల కోసం పిల్లలు దిగువ మడుగులో గుడ్డలు పట్టుకుని నిలబడతారు. ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, గాజులు, చీర తెచ్చి గంగమ్మకు సమర్పిస్తారు. బయటినుంచి వచ్చినవాడికి అది నాలుగైదు అడుగుల నీటి దూకుడు. ఊరికి మాత్రం అది రెండేళ్ళ తిండి, బావుల్లో ఊట, పశువులకు నీళ్ళు. ఆ మరువ దాటిన నీరు వంకలో పడి కిందనున్న చెరువుకు పోతుంది; అది నిండితే దాని మరువ మీంచి మరో చెరువుకు. ఇలా మెట్లు మెట్లుగా దిగే నీటి దారి పట్టుకుని నడిస్తే అది రెండు మూడు ఊళ్ళు కలిపే ఒక రోజు నడకే. వాన లేని ఏడాది ఎండిన చెరువు కూడా చూడదగ్గదే. తూము కట్టుబడి, కట్ట లోపలి వైపు పరిచిన బండలు, పూడిక ఎంత మేర పేరుకున్నదీ నీళ్ళు లేనప్పుడే కనబడతాయి.

ఈ నీటి దారుల వెనక ఉన్న చదువు చిన్నది కాదు. విజయనగర రాజు రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, నీరే ప్రాణులకు ప్రాణమని తలచి, పెన్న నీటిని పెనుకొండకు తెమ్మని సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుడికి ఆజ్ఞ ఇచ్చినట్టు 1388 నాటి శాసనం చెబుతోంది. ఆ శాసనం దొరికింది హిందూపురానికి పొరుగునే ఉన్న గౌరిబిదనూరు ప్రాంతంలో. సింగాయభట్టు సిరువేర చెరువు దాకా కాలువ తవ్వించి దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. దానికి 19 ఏళ్ళ ముందు, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ వరసగా చెప్పింది. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా రాసింది. రాజుల కథలంటే మనకు 1565లో విజయనగరం ఓడిన యుద్ధం, ఆ తర్వాత తిరుమలరాయలు పెనుకొండకు తరలిరావడం, అక్కడి గగన్ మహల్, ఇవే గుర్తొస్తాయి. పెనుకొండ కోట కింద నిలబడి చుట్టూ చూసే యాత్రికుడికి ఈ కాలువల, చెరువుల కథ ఎవరూ చెప్పరు. అది చెప్పగలిగేది కొండ చుట్టూ పశువుల్ని మేపినవాళ్ళు, తరతరాలుగా ఆయకట్టుకు నీళ్ళు వదిలిన నీరుగట్లు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు అరవై దాటినవాళ్ళు. పక్కన ఒక కుర్రవాడిని పెట్టి నడిపిస్తే ఆ తెలివి ఇంకో తరానికి అందుతుంది.

చేతిలో ఫోను, అందులో మ్యాపు ఉండగా గైడెందుకని నగరవాసి అడుగుతాడు. డబ్బు దండుకోవడానికి పెట్టిన నిబంధన అని కూడా అనుకుంటాడు. కాని 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో అడవి మంటల్లో చిక్కి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. ఏ కాలంలో ఎటు పోకూడదో తెలిసిన మనిషి మాట దారిలో చెల్లి ఉంటే ఆ గుంపులు ఎండిన గడ్డి వాలులోకి దిగేవే కావు. తమిళనాడు ఆ దెబ్బ నుంచి నేర్చుకుంది. 2024 అక్టోబరులో ట్రెక్ తమిళనాడు పేరుతో 40 దారులను ప్రకటించి, స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి ట్రెక్కర్లను వాళ్ళ వెంటే పంపుతోంది, మంటల కాలంలో దారులు మూసేస్తోంది. ఇక నీటి మాటకు వస్తే, ఏడాదంతా ఇసుకగా పడి ఉండే మన నదులు ఒక్క రాత్రిలో మారిపోతాయి. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడాల్సి వచ్చింది. ఎగువన ఎక్కడ వాన పడితే ఏ వంకకు ఎంతసేపట్లో నీళ్ళు వస్తాయో ఏ మ్యాపూ చెప్పదు. పెనుకొండ, మడకశిర గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. సీతాఫలాలు పండే రోజుల్లో ఏ వేళకు ఏ పొద దగ్గరికి పోకూడదో గొర్రెల కాపరికి తెలుస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, ఊడలు దిగే శనక్కాయ చేనును తొక్కకుండా గట్టు మీద నడిపించడం ఒక్కదానికే ఊరి మనిషి తోడు ఉండాలి. చేను తొక్కిన యాత్రికుడిని ఏ ఊరూ రెండోసారి రానివ్వదు.

వచ్చేవాళ్ళు ఎవరన్నది వెతుక్కోనక్కర్లేదు. బెంగళూరు హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది, దేవనహళ్ళి విమానాశ్రయం ఇంకా దగ్గర. శని, ఆదివారాలు వస్తే ఆ నగరం కొండలు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నంది కొండల దగ్గర కార్ల బారు, స్కందగిరి మీద తెల్లవారుజామునే జనం. గుంతకల్లు-బెంగళూరు రైలు మార్గం మీదే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఉన్నాయి. అంటే కారు లేనివాడు కూడా పొద్దున రైలు దిగి సాయంత్రం రైలెక్కవచ్చు. లేపాక్షికి ఇప్పటికే జనం వస్తున్నారు. 2022లో వీరభద్రాలయం, ఏకశిలా నంది యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాక ఇంకా పెరిగారు. కాని వాళ్ళు వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూసి, నంది ముందు ఫొటో దిగి, గంటా రెండు గంటల్లో వెళ్ళిపోతారు. ఊరికి మిగిలేది పార్కింగు రుసుము, కొబ్బరికాయల బేరం. అదే యాత్రికుడు లేపాక్షి నుంచి రెండు చెరువుల మీదుగా నడిచి ఒక ఇంట్లో సంగటీ ఊరిబిండీ తిని పోతే, ఆ ఊళ్ళో కనీసం నాలుగు ఇళ్ళకు పని. ధర్మవరం వైపు నడిస్తే గుంత మగ్గం మీద పట్టుచీర నేయడం చూడవచ్చు, నిమ్మలకుంటలో జంతుచర్మాన్ని పారదర్శకంగా సాగదీసి రంగులద్దే తోలుబొమ్మల కళాకారుల ముంగిట కూర్చోవచ్చు. ఆ ఊరికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. హిందూపురం, మడకశిర వైపు వాళ్ళు తెలుగూ కన్నడమూ రెండూ మాట్లాడతారు. బెంగళూరు యాత్రికుడికి ఇంతకంటే సులువైన గైడు ఇంకెక్కడ దొరుకుతాడు?

అన్ని అభ్యంతరాల్లోకీ బరువైనది వేరే ఉంది. పేద ఊరిని డబ్బున్నవాళ్ళకు చూపించి సొమ్ము చేసుకోవడం మర్యాదేనా? ఇంటి ముందు బట్టలుతుక్కునే అమ్మను అడక్కుండా ఫొటో తీయడం, పిల్లలకు చాక్లెట్లు పంచి చేయి చాపడం నేర్పించడం, దొన నీళ్ళలో బీరు సీసాలు పగలగొట్టడం, ఇవేవీ ఊహించి చెబుతున్నవి కావు; జనం పోటెత్తిన ప్రతి కొండ దగ్గరా జరుగుతున్నవే. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. కాకపోతే ఆ చెడు ఎక్కడ పుడుతోందో చూడాలి. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, నగరం నుంచి ఒక బస్సు యాభైమందిని దించి సాయంత్రం ఎక్కించుకుపోయే చోట పుడుతోంది. ఊరివాడు ముందు నడిచే చోట యాత్రికుడు అతిథి అవుతాడు. రోజుకు ఎందరు రావాలి, ఏ వీధిలోకి పోకూడదు, పీర్ల పండగ నాడో జాతర నాడో దారి మూయాలా తెరవాలా అన్నది ఊరే చెప్పగలదు. పదిమందికి ఒక గైడు, రోజుకు రెండు గుంపులకు మించి లేదు అన్నంత కట్టడి ఉంటేనే ఇది నిలుస్తుంది. దానివల్ల రాబడి తగ్గుతుందన్న మాట నిజమే. ఆ తగ్గుదల ఒప్పుకోలేని ఊరు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

దారి ఊరి చేతిలో ఉండడానికి డబ్బుకు మించిన కారణం ఒకటి ఉంది, అది కల్పవల్లి గుట్టల చరిత్రలో కనబడుతుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడుతో, ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోడి గుట్టల్ని కాపాడడం మొదలుపెట్టారు. గొడ్డలి ఆపారు, మంటలు ఆర్పారు, గింజలు చల్లారు. ఏళ్ళ తరబడి చేసిన ఆ కాపలాతో 7,000 ఎకరాలకు పైగా నేల మళ్ళీ పచ్చబడింది. కరువు ఏడాది కూడా పశువులకు గడ్డి దొరికింది, కప్పులకు బోద దొరికింది, ఈతాకుతో చాపలూ బుట్టలూ అల్లుకున్నారు, వంకల్లో నీళ్ళు ఎక్కువ రోజులు నిలిచాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ఆ భూమి ఎందుకూ పనికిరాని బంజరుగానే ఉండిపోయింది. 2010 తర్వాత గాలిమరల కంపెనీకి గుట్టల నెత్తి అప్పగించినప్పుడు, టవర్ల కోసం కొండను చెక్కి వేసిన రోడ్ల వల్ల మట్టి జారి వంకల్లోకి చేరింది. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి కరెంటు దేశానికి కావాలి, అందులో సందేహం లేదు. ఊరు ఏళ్ళ తరబడి వాడుకుంటూ కాపాడుకుంటూ వచ్చిన కొండకు కాగితం మీద గుర్తింపు లేకపోవడమే అక్కడ జరిగిన అన్యాయం. గుర్తులు పెట్టి, పంచాయతీ తీర్మానంలో రాసి, ఏడాదికేడాది జనం నడిచి, వసూలైన రుసుముకు లెక్క ఉన్న కాలిబాట ఆ గుర్తింపుకు ఒక ఆధారం అవుతుంది. రేపు ఎవరైనా వచ్చి ఈ గుట్ట ఖాళీగా పడి ఉంది కదా అంటే, ఊరు చూపించడానికి చేతిలో ఒక రిజిస్టరు ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు, నడక దారులను ప్రైవేటు సంస్థకు కాంట్రాక్టు ఇవ్వకూడదనడానికి.

దీంతో వలసలు ఆగుతాయా అంటే ఆగవు. బెంగళూరు కట్టడాలకు కూలికి పోయే కుటుంబానికి వారానికి రెండు రోజుల గైడు పని బదులు కాలేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో తెరిచిన కియా కార్ల కర్మాగారం ఇచ్చే జీతంతోనూ ఇది పోటీ పడదు. పైగా నడకకు అనువైన నెలలు, ఆగస్టు నుంచి జనవరి దాకా, శనక్కాయ పెరికే పని రోజులతో కలిసిపోతాయి. కాబట్టి దీన్ని బతుకుతెరువుగా అమ్మజూపేవాళ్ళను నమ్మకూడదు. సేద్యానికి తోడు రాబడిగా చూస్తేనే లెక్క కుదురుతుంది: పొలం పెద్దగా లేని ఇంట్లో చదువుకున్న అమ్మాయికి, మందతో కొండెక్కడం మానిన పెద్దాయనకు, సంగటి బాగా చేసే ఇల్లాలికి చేతిలో నాలుగు నోట్లు. తిరుపతి జిల్లాలో రాష్ట్రంలోకెల్లా ఎత్తైన జలపాతమని పేరున్న తలకోన దగ్గర, నెరబైలు వన సంరక్షణ సమితి అటవీ శాఖతో కలిసి బసలూ వంటా దారి చూపడమూ నడిపింది. జలపాతం 270 అడుగులదైనా, సమితి లెక్కలు సరిగా నడవకపోతే ఊరికి ఒరిగేది ఉండదు. డబ్బు ఒకరి జేబులోకి పోతే రెండో ఏడాదికే గైడుల మధ్య కొట్లాటలు మొదలవుతాయి; ధర ముందే బోర్డు మీద రాయని చోట, దిగిన యాత్రికుడి చుట్టూ నలుగురు మూగడం ప్రపంచంలో ఎక్కడైనా కనిపించే దృశ్యమే.

మొదటి దారికి పెనుకొండే తగిన చోటు. స్టేషనుంది, జాతీయ రహదారి ఉంది, కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, కింద బాబయ్య దర్గా, కోట గోడలు, వాకిట ఆంజనేయుడు ఉన్నారు. జనం ఎలాగూ వస్తున్నారు, వాళ్ళను కొండ వెనక వైపుకు నడిపిస్తే చాలు. వానలు పట్టిన తర్వాత, చెరువుల్లో కాస్త నీళ్ళు చేరిన సెప్టెంబరులో, కొండ దిగి రెండు చెరువు కట్టల మీదుగా పోయి ఒక ఊళ్ళో అన్నం తిని మధ్యాహ్నం తిరిగి స్టేషనుకు చేరే దారిని ముందు గ్రామసభే నడిచి చూడాలి. ఎవరి పొలం గట్టు దాటుతుందో ఆ రైతు సంతకం కావాలి. రుసుములో గైడుకు ఎంత, వండిపెట్టిన ఇంటికి ఎంత, చెరువు పూడికతీతకు ఎంత అన్నది తీర్మానంలోనే అంకెలతో రాసి, అదే అంకెలు స్టేషను బయట తెలుగులో, కన్నడంలో పెట్టాలి. మార్చి నుంచి మే దాకా దారి మూసెయ్యాలి. పెద్ద వాన పడితే ఆ రోజు నడక రద్దు చేసే అధికారం ముందు నడిచే మనిషికే ఉండాలి, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చినా సరే.